మా నాన్నకు కొన్న ఆట

పోయిన వారం సాయంత్రం హైదరాబాదు రాయదుర్గంలోని మా ఆఫీసు లిఫ్టులో, పదకొండో అంతస్తు నుంచి కిందికి దిగేలోపల, మా టీములో కొత్తగా చేరిన అమ్మాయి నన్నొక సలహా అడిగింది. వాళ్ళ నాన్నగారు లెక్కల మాస్టారట, వచ్చే నెల రిటైరవుతున్నారట, ఊరికే కూర్చుంటే దిగులు పడతారేమోనని ఆయనకొక వీడియో గేమ్ కొనివ్వాలనుకుంటోందట. బతుకంతా లెక్కలు చెప్పిన మనిషి కనుక అంకెలతో ఆడే ఆటలు నాలుగైదు ఏరి పెట్టుకుని, వాటిలో ఏది మంచిదో చెప్పమంటూ ఫోను నా ముందు పెట్టింది. ఆలోచించి సోమవారం చెబుతానన్నాను. సోమవారం వచ్చి వెళ్ళింది, మంగళవారం కూడా వెళ్ళింది, నేనింకా ఏమీ చెప్పలేదు. ఒక్క ముక్కలో తేలే సంగతి కాదు గనుక, ఆ అమ్మాయికి చెప్పలేకపోయింది ఇలా రాసుకుంటున్నాను.

నా వయసు వాళ్ళకు ఈ కంప్యూటరు ఉద్యోగాల అలసట గురించి విడమరచి చెప్పనక్కరలేదు. హైటెక్ సిటీ అంటే రాళ్ళగుట్టల మధ్య ఒకటీ అరా భవనాలు మాత్రమే ఉన్న రోజుల్లో అనంతపురం జిల్లా నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగంలో చేరినదాన్ని. నా పని సాఫ్ట్‌వేర్ టెస్టింగు, అంటే ఇంకొకరు కష్టపడి చేసిన దాంట్లో తప్పులు వెతకడం. పాతికేళ్ళుగా ఇదే పని చేస్తున్నందువల్లనేమో, పెళ్ళిభోజనానికి వెళ్ళినా ముందు ఉప్పు తక్కువైన కూర నా నోటికే తగులుతుంది. మా ఆయన తణుకు వైపు మనిషి, ఆయనదీ కంప్యూటరు ఉద్యోగమే, కానీ కూరలో ఉప్పు లేకపోతే పచ్చడి కలుపుకుని తినేసే రకం.

నేను చెప్పబోయేది పద్నాలుగు పదిహేనేళ్ళ కిందటి మాట. అప్పటికి మెట్రో రైలు లేదు, దుర్గం చెరువు మీద వంతెన లేదు, మణికొండలో మేమున్న అపార్టుమెంటు నుంచి మాదాపూరు చేరేసరికి తల ప్రాణం తోకకు వచ్చేది. అమ్మ పోయాక నాన్న మా దగ్గరికి వచ్చి ఉంటున్నాడు. యాభై ఏళ్ళ పాటు వేరుశనగ సేద్యం చేసిన మనిషి, పొలం కౌలుకిచ్చి, రెండు జతల పంచెలతో, ఒక ఇనప పెట్టెతో మా మూడో అంతస్తుకు ఎక్కివచ్చాడు. వచ్చిన ఏడాదికే ఒకరోజు పొద్దున కాఫీ గ్లాసు అందుకోబోతూ అందుకోలేక కిందికి జారిపోయాడు. పక్షవాతం. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోగలిగాం కాబట్టి ప్రాణానికి భయం లేకపోయింది, మాట కూడా పది రోజుల్లో దాదాపుగా తిరిగొచ్చింది, కాలు కొంచెం ఈడ్చినా నడవగలిగాడు. కుడిచెయ్యి మాత్రం రాలేదు. మొదటి కొద్ది నెలల్లో ఎంత కదిలిస్తే అంత తిరిగొస్తుందనీ, ఆ తర్వాత కష్టమనీ డాక్టరు మాకు అర్థమయ్యేటట్టు నెమ్మదిగా చెప్పాడు.

కుడిచెయ్యి లేకపోవడమంటే ఏమిటో మనకు వేరే చెప్పాలా. మా నాన్న ఎడంచేత్తో అన్నం తినలేడు. తినలేకపోవడమంటే చెంచా పట్టుకోవడం రాక కాదు, సిగ్గు. నలుగురిలో ఎడంచెయ్యి కంచంలో పెట్టడం కన్నా పస్తుండటం మేలనుకునే కాలం మనిషి. నేను కలిపి పెడతానంటే ఒప్పుకోలేదు. మేమిద్దరం ఆఫీసుకు వెళ్ళాక వంటింట్లో గోడ వైపు తిరిగి కూర్చుని, ఎవరూ చూడకుండా ఎడంచేత్తో నాలుగు మెతుకులు తిని కంచం తోమేసేవాడని పనిమనిషి చెబితే తెలిసింది. రెండు నెలల్లో మెడ కింద చర్మం వదులైపోయింది. ఇంత జరుగుతున్నా వ్యాయామం మాత్రం చేసేవాడు కాదు. పిసకమని ఫిజియోథెరపీ ఆవిడ ఇచ్చిన రబ్బరు బంతి ఎప్పుడు చూసినా దిండు కిందే ఉండేది. అడిగితే చేశాననేవాడు. నా జన్మలో మా నాన్న నాతో అబద్ధమాడటం అదే మొదలు, అది కూడా ఒక బంతి గురించి.

ఒకరోజు ఆ ఫిజియోథెరపీ ఆవిడే, కొంతమంది రోగులు కంప్యూటరులో ఆటలాడుతూ తమకు తెలియకుండానే చెయ్యి కదిలిస్తారని మాటవరసకు అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. మందులూ వ్యాయామాలూ నాకు తెలియని విషయాలు, కంప్యూటరు ఆటంటే మాత్రం నా రాజ్యంలోది. ఆ రాజ్యంలో ఏ పనైనా ఎలా మొదలవుతుందో మీలో ఆ ఉద్యోగాలు చేసినవాళ్ళకు తెలుసు, ఒక ఎక్సెల్ షీటుతో మొదలవుతుంది. ఆడేవారి వయసు, చదువు, ఇంగ్లీషు ఏమాత్రం వచ్చు, కళ్ళజోడు ఉందా, కుడిచేతి వేళ్ళలో ఏవి కదులుతాయి, చేసిన వృత్తి ఏమిటి అని వరుసలు గీశాను. ఇటు పదిహేను ఆటల పేర్లు రాసి ఒక్కొక్కదానికీ మార్కులు వేశాను. అంతటితో ఆగక, దాన్ని మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర మా టీముకు చూపించాను. తుపాకులవి తీసేయమని ఒకరు, అక్షరాలు పెద్దగా కనపడేవి చూడమని ఇంకొకరు చెప్పారు. రైతు కదా, సేద్యం ఆటైతే ఇట్టే అలవాటు పడతారని అందరూ ఒక్కమాట మీదికి వచ్చారు. పొలం దున్నడం, విత్తడం, నీళ్ళు పెట్టడం, కోయడం, అన్నీ మౌసు కదిపి చేసేవే. మౌసు కుడిచేత్తో పట్టుకోవాలి. ఇంతకన్నా ఏం కావాలి? ఆ షీటులో ఆ ఆటకు అన్నిటికన్నా ఎక్కువ మార్కులు వచ్చాయి.

అప్పట్లో ఆటలంటే డిస్కులే. మాదాపూరులో ఒక కాంప్లెక్సు కింది అంతస్తులో, జిరాక్సు దుకాణం పక్కన, పది అడుగుల కొట్టు ఒకటుండేది. దాన్ని నడిపే ఆయన బోరబండ మనిషి. మొదట వీడియో క్యాసెట్లు కిరాయికిచ్చి, అవి పోతే సినిమా సీడీలు అమ్మి, అవీ పోతే ఆటల్లోకి దిగాడు. కాలం మారినప్పుడల్లా బోర్డు మీద పేరు మాత్రం ఉంచి, కింది అక్షరాలు చెరిపి కొత్తవి రాయించేవాడు. ఆయన దగ్గర ఒక ఇబ్బంది ఉండేది, డిస్కు అడిగిన వెంటనే ఇచ్చేవాడు కాదు, ఎవరికి, ఎందుకు అని ఆరా తీసేవాడు. ఆ రోజు నాకు తీరిక లేదు, బయట కారు అడ్డంగా పెట్టి వచ్చాను. ఆయన అడగబోతుంటే చీటీ చేతిలో పెట్టి, ఇదే కావాలి అని తీసుకుని వచ్చేశాను.

నాన్న నన్ను నొప్పించే మనిషి కాదు. కంప్యూటరు ముందు కూర్చోబెట్టి మౌసు ఆయన కుడిచేతి కింద పెట్టి, నా చెయ్యి దానిపైన పెట్టి నేర్పిస్తే బుద్ధిగా నేర్చుకున్నాడు. తెర మీద ఎర్రటి పొలం, పక్కన నీళ్ళ తొట్టి, మూలన ఆవు. మడి మీద నొక్కితే దుక్కి, ఇంకోసారి నొక్కితే విత్తనం, మూడు నిమిషాలకు పంట. మేఘం బొమ్మ నొక్కితే వాన. మొదటి వాన కురిసినప్పుడు ఆయన మొహం వైపు చూశాను, సంతోషపడతాడని. ఆయన రెప్ప వేయకుండా ఆ వానను చూశాడు. రెండు మూడు రోజులు నేను చెప్పినప్పుడల్లా కూర్చున్నాడు. తర్వాత గమనించాను, మౌసును ఎడమవైపుకు మార్చుకుని, ఎడంచేత్తో గబగబా నొక్కేసి, అయిపోయిందమ్మా అని లేచిపోతున్నాడు. వారం తర్వాత అసలు ఆ కుర్చీ వైపే పోలేదు.

అట్లా ఐదారు వారాలు గడిచిపోయాయి. కుడిచేతి వేళ్ళు లోపలికి ముడుచుకోవడం మొదలైంది. ఫిజియోథెరపీ ఆవిడ వాటిని ఒక్కొక్కటిగా విప్పుతూ, ఇలాగే ఉంటే గట్టిపడిపోతాయని నాతో పక్కకు చెప్పింది. ఆ నెలలో మా ప్రాజెక్టు పూర్తి కావలసిన గడువు దగ్గర పడి, నేను ఇంట్లో ఉన్నా లేనట్టే ఉండేదాన్ని. ఒక ఆదివారం మధ్యాహ్నం, విసిగి వేసారి ఉన్నానో ఏమో, నాన్న మీద గట్టిగా కేకలేశాను. నీ కోసమే కదా ఇంత వెతికి తెచ్చాను, నీకు బాగుపడాలని లేదా, నా ప్రాణాలు తీయడానికా అని ఏవేవో అన్నాను. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆయన అంతా విన్నాడు. ముడుచుకున్న చేతిని ఇంకో చేత్తో ఒళ్ళోకి తీసుకుని, చాలా మెల్లగా ఒక్క మాట అడిగాడు.

"యాభై ఏండ్లు చేసింది చాలదామ్మా, మల్లా సేద్యమేనా?"

ఎనిమిదేళ్ళు వరుసగా వాన పడక విత్తిన విత్తనం భూమిలోనే మాడిపోవడం చూసినవాడి ముందు, నేను మేఘం బొమ్మ నొక్కి వాన కురిపించి, చూడు నాన్నా ఎంత బాగుందో అన్నాను. ఆ వాన ఆయనకు ఎగతాళిగా కనపడిందని అప్పుడు గాని నాకు తట్టలేదు. ఆ రాత్రి నేనూ అన్నం తినలేదు.

మర్నాడు ఆ డిస్కు వాపసు ఇచ్చేద్దామని మాదాపూరు కొట్టుకు వెళ్ళాను. ఈసారి ఆయన వదిలిపెట్టలేదు, స్టూలు వేసి కూర్చోమని, ఎవరికి కొన్నారు, ఎందుకు నచ్చలేదు అని అడిగాడు. నేను ఆ షీటులో ఉన్నదంతా అప్పజెప్పాను, వయసు డెబ్బై రెండు, ఐదో తరగతి, రైతు, పక్షవాతం, కుడిచెయ్యి. అంతా విని, డిస్కు అట్టపెట్టెను గుడ్డతో తుడుస్తూ ఆయనన్నాడు.

"ఆయన ఏం పని చేసిండో చెప్తున్నరు గని మేడం, ఆయనకేం ఇష్టమో చెప్తలేరు. జర పోయి అడిగి రాండ్రి."

శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది నా పని. పదేళ్ళుగా ఆఫీసు మీటింగుల్లో నేను బల్ల గుద్ది చెప్పింది ఆ ఒక్క మాటే. వాడుకునేవాణ్ణి అడగకుండా మీకు మీరే ఊహించుకుని ఎట్లా తయారుచేస్తారు అని ఎంతమందిని నిలదీశానో, ఎంతమంది మొహాలు చిన్నబుచ్చానో లెక్కలేదు. ఇంట్లో మాత్రం పదిహేను ఆటలకు మార్కులు వేశాను, టీమంతటినీ సలహా అడిగాను, పక్క గదిలో ఉన్న మనిషిని అడగలేదు. అసలు ఆయనకొక ఇష్టం ఉండి ఉంటుందనే నాకు తోచలేదు. నాన్నంటే పొలం, పొలమంటే నాన్న, నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ అంతే.

మరునాడు పొద్దున ఆఫీసుకు ఆలస్యంగా వస్తానని చెప్పి, బాల్కనీలో ఆయన పక్కన కూర్చున్నాను. ఎట్లా మొదలుపెట్టాలో తెలియలేదు. నాన్నను పట్టుకుని నీకేమిష్టం అని అడగడం నలభై ఏళ్ళు దగ్గరపడిన కూతురికి ఎంత ఇబ్బందో అడిగి చూసినవాళ్ళకే తెలుస్తుంది. మొదట నాకేం ఇష్టముంటుందిలే అని దాటేశాడు. నేను కదల్లేదు. ఆఖరికి, కింద రోడ్డు మీద పోతున్న సిటీ బస్సును చూస్తూ చెప్పాడు.

"బస్సు తోలల్లని ఉండెమ్మా నాకు."

ఇరవై రెండేళ్ళ వయసులో, మా తాతకు తెలియకుండా పట్నం పోయి, ఒక లారీ యజమాని దగ్గర క్లీనరుగా కుదిరి బండి నేర్చుకున్నాడట. లైసెన్సు కూడా తెచ్చుకున్నాడట. బస్సు డ్రైవరు ఉద్యోగానికి రమ్మని కాగితం వచ్చిన రోజే మా తాత, ఎద్దుల్ని ఎవడు మేపుతాడురా అని ఆ కాగితం పొయ్యిలో పెట్టాడట. అంతే, మళ్ళీ ఎవరితోనూ ఆ మాట ఎత్తలేదు. అమ్మకు కూడా తెలుసో లేదో. నాకు మాత్రం అప్పుడు చిన్నప్పటి బస్సు ప్రయాణాలు కళ్ళముందు ఆడాయి. ఎక్కడికి వెళ్ళినా నాన్న ఇంజను పక్కన, డ్రైవరు వెనక సీటే చూసుకుని కూర్చునేవాడు. కిటికీ పక్కన చల్లగా ఖాళీ ఉన్నా అక్కడికి రానిచ్చేవాడు కాదు. ఇంజను వేడికి నా కాళ్ళు కాలిపోయి, ఆ డీజిలు కంపుకు కడుపులో తిప్పి, ఈయన మొండితనం ఏమిటా అని ఏడ్చిన రోజులున్నాయి. ఆ మొండితనం ఎందుకో తెలియడానికి నాకు ముప్పై ఏళ్ళు పట్టింది.

అదే సాయంత్రం కొట్టుకు పరుగెత్తాను. బస్సు నడిపే ఆట ఉందన్నాడు కొట్టాయన. దాంతోపాటు అటక మీద నుంచి, ఎవరో వాడి వదిలేసిన స్టీరింగు చక్రం ఒకటి దింపి, దాన్ని బల్లకు ఎలా బిగించాలో చూపించాడు. మా భోజనాల బల్లకు ఆ చక్రం బిగించిన రోజు నుంచి మేము నేల మీద కూర్చుని తినడం మొదలుపెట్టాం. నాన్న మొదటిరోజు ఎడంచేత్తో కుడిచేతి వేళ్ళు విప్పి, ఒక్కొక్కటిగా చక్రం చుట్టూ చుట్టాడు. బస్సు ఫుట్‌పాత్ ఎక్కింది, దీపస్తంభాన్ని గుద్దింది, కాలువలో పడింది. ఆయన ఏమీ అనుకోకుండా మళ్ళీ మొదలుపెట్టాడు. పొద్దున నేను లేచేసరికే స్నానం చేసి, విభూతి పెట్టుకుని, డ్యూటీకి వెళ్ళేవాడిలా చక్రం ముందు కూర్చుని ఉండేవాడు.

ఆ ఆటలో సమయానికి స్టాపు చేరకపోతే మార్కులు తగ్గిస్తారు. మా నాన్న మాత్రం ప్రతి స్టాపులోనూ ఆఖరి మనిషి ఎక్కేవరకూ బస్సు కదిలించేవాడు కాదు. ఆలస్యమైపోతోందని మా ఆయన పక్కనుంచి తొందరపెడితే, ఉండు నాయనా, ముసలామె ఎక్కుతాంది అనేవాడు. అటుపైన మా ఆయనే కండక్టరు అయిపోయాడు. ఆఫీసు నుంచి వచ్చి, మెడలో ఐడీ కార్డు కూడా తీయకుండా పక్కన కుర్చీ వేసుకుని, మామయ్యగారూ ఇంకో ఇద్దరున్నారండి, ఇక పోనివ్వండి అంటుంటే, ఆ తెర మీద ఉన్నది ఏ దేశపు ఊరో గాని, మా నాన్న బస్సును కదిరి మీదుగా తోలేవాడు. ప్రతి మలుపుకూ మా వైపు ఊరి పేరొకటి పెట్టుకున్నాడు. ఆయన నవ్వగా చూసి అప్పటికి మూడేళ్ళయింది.

చెయ్యి ఒక్కసారిగా రాలేదు. ముందు బొటనవేలు హారను మీద నిలిచింది, తర్వాత మణికట్టు తిరిగింది. పెద్ద మలుపుల్లో ఎడంచేతి సాయం లేకుండా చక్రం తిప్పిన రోజు ఫిజియోథెరపీ ఆవిడ బల్ల పక్కన నిలబడి కళ్ళు తుడుచుకుంది. పూర్తిగా మునుపటిలా ఎప్పుడూ కాలేదు, చొక్కా గుండీలు చివరిదాకా నేనే పెట్టాను. కానీ ఒక శనివారం మధ్యాహ్నం, రాగిసంగటి చేసి ముద్ద కంచంలో పెట్టి నేను లోపలికి వెళ్ళబోతుంటే, ఆయన వంటింటి గోడ వైపు తిరగలేదు. మాకు ఎదురుగా కూర్చుని, కుడిచేత్తో సంగటి తుంచి, వేరుశనక్కాయల పచ్చడిలో అద్దుకుని, నోటిదాకా తీసుకుపోయాడు. సగం పంచె మీద పడింది. నా బతుకులో అంతటి విందు మళ్ళీ చూడలేదు.

రెండో ముద్ద చేతిలో ఉండగానే ఆయన నా వైపు చూసి అడిగాడు.

"నీకేం ఆట కావల్లమ్మా?"

నేను నవ్వేసి, నాకెక్కడి తీరిక నాన్నా, ఆటలు కూడానా అన్నాను. అప్పుడే ఆఫీసు నుంచి ఫోను మోగితే లేచి వెళ్ళిపోయాను. ఆ ఫోనులో ఎవరు మాట్లాడారో, ఏం కొంప మునిగిందో ఇప్పుడు బొత్తిగా గుర్తులేదు.

నాన్న పోయి ఏడేళ్ళయింది. మాదాపూరులో ఆ కొట్టు ఉన్నచోట ఇప్పుడు బిర్యానీ హోటలుంది. ఆటలు కొనడానికి ఎక్కడికీ వెళ్ళనక్కరలేదు, డిస్కులూ లేవు, ఎవరికి ఎందుకు అని స్టూలు వేసి అడిగేవాళ్ళూ లేరు. ఫోను తెరిస్తే చాలు, మీకోసం అంటూ వేల ఆటలు వరుస కడతాయి. నిన్న ఏం చేశామో చూసి, రేపు కూడా అదే చేయమని చూపిస్తాయి. నేను మా నాన్నకు వేసిన షీటు కన్నా ఎన్నో రెట్లు పెద్ద షీటు ఎక్కడో నా పేరు మీద ఉండే ఉంటుంది. పొరపాటు మాత్రం అదే.

నాకిప్పుడు కాస్త తీరిక చిక్కింది. ఆదివారం మధ్యాహ్నాలు అప్పుడప్పుడు ఆ వరుసలన్నీ ఒక్కొక్కటిగా జరుపుకుంటూ కూర్చుంటాను. తప్పులు వెతికేవి, వంటలు చేసేవి, ఇల్లు సర్దేవి, అన్నీ నేను చేసిన పనులే. నాన్న అడిగినదానికి జవాబు చెప్పాలనే వెతుకుతాను. ఆయనకు ఇరవై రెండేళ్ళకే తెలిసిన సంగతి నాకు యాభై మూడేళ్ళు వచ్చినా తెలియలేదు, కాసేపటికి కళ్ళు లాగుతాయి, ఫోను పక్కన పెట్టేస్తాను.